చేతులు నీవి, మాట నాది

టీవీలో విమానం ఇంకా నేలమీదే ఉంది, జనం ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నారు, అప్పుడే అరుపులమ్మకి భయం పట్టుకుంది. ఇదేం చోద్యం, అనుకుంది తనలో తాను. ఇదే విమానంలో ఎన్నిసార్లు చావు అంచుదాకా వెళ్ళి రాలేదు? ఎన్నిసార్లు కేకలు పెట్టి, దేవుణ్ణి పిలిచి, పక్కసీటాయన చెయ్యి పట్టుకుని, బతికి బట్టకట్టలేదు? కానీ ఆ వణికిందంతా డబ్బింగు మైకు ముందు నిలబడి ఒట్టి నోటితో వణికింది. ఇవాళ వణుకు ఒంట్లోంచి వస్తోంది. పక్కన చేతుల కుర్చీలో ఆయన, కట్టుకున్నవాడు, మాట పడిపోయిన మనిషి. కుడిచెయ్యి దిండు మీద ఉంది, ఆయన పెట్టుకున్నది కాదు, ఆవిడ పెట్టింది. భోజనమైంది, మూతి తుడిచింది, కిటికీ తెర సగం లాగింది, ఎండ ఆయన మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. పొద్దున ఫోన్లో కూతురికి మాటిచ్చేసింది. "అమ్మా, ఆయన గొంతు ఆయనకే వినిపించి ఏడిపిస్తున్నావ్. నీకది పట్టుదల, ఆయనకు నరకం. ఇంక చాలించు" అంది కూతురు. "ఇవాళొక్కరోజు. ఇవాళ కూడా మాట రాకపోతే ఆ సినిమా డిస్కు నీ చేతిలో పెట్టేస్తా, విరిచి పారెయ్" అంది తను. "మాటేనా?" "మాటే." అనేటప్పుడు ఎంత సులువుగా అనేసింది! మాట అనేది ఎంత సులువుగా వచ్చేస్తుందో వచ్చేవాళ్ళకి తెలీదు. తాడో పేడో ఇవాళే తేలిపోవాలి, అనుకుంది, అనుకుని ఆయన మొహంలోకి చూసింది. ఆయన టీవీని చూడటం లేదు, టీవీ పక్క గోడని చూస్తున్నాడు.

చూడవయ్యా మగడా, చూడు, నీ జనం ఎక్కుతున్నారు. అదిగో ముసలి సంగీతం మాస్టారు, ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కింద పెట్టమంటే పెట్టడు. అదిగో పెళ్ళాంతో విడిపోవడానికి వెళుతున్న వ్యాపారి, అదే విమానంలో నాలుగు వరసల వెనకాల ఆ పెళ్ళాం. అదిగో జబ్బుపిల్ల, బొమ్మని గుండెలకి హత్తుకుని, ఆ పిల్లకి ఆపరేషన్ వేళకి అందాలి. కూలే విమానం సినిమాలన్నిట్లోనూ ఒక జబ్బుపిల్ల ఉండి తీరాలి, ఒక తాగుబోతు ఉండాలి, అందరినీ కసిరే ఒక డబ్బున్న ముసలావిడ ఉండాలి, ఆ ముసలావిడే ఆఖరికి తన కోటు తీసి పరాయి పిల్లకి కప్పాలి. ఇందులో సగంమంది అరుపులమ్మ గొంతులోంచే పుట్టారు. జబ్బుపిల్లా ఆవిడే, కసిరే ముసలావిడా ఆవిడే, అసలు కథానాయిక అయిన ఎయిర్ హోస్టెసూ ఆవిడే. అప్పట్లో నలుగురైదుగురే మొత్తం విమానాన్ని నింపేవారు. అరుపులు ఎప్పుడూ ఆఖరికి పెట్టేవారు, ముందే అరిస్తే గొంతు పోయి మాటలు పాడవుతాయని. పని ముగించేముందు సౌండాయన అద్దం వెనకాలనుంచి, "ఇక పడిపోదామా అమ్మా?" అనేవాడు, అందరూ మైకు చుట్టూ చేరి నోరు తెరిచేవారు. లావాటి అరుపు, సన్నటి అరుపు, సగంలో తెగిపోయే అరుపు, పిల్లల అరుపు. ఇన్ని రకాలూ ఈవిడొక్కతే అరవగలిగేది గనక అరుపులమ్మ అన్నారు. అసలు పేరు పెట్టి పిలిచేది ఇప్పుడు బ్యాంకులో మాత్రమే. ఇంట్లో నోరెత్తి ఎరగదు. ఎప్పుడైనా కోపమొస్తే, "అరుపులన్నీ అక్కడే ఖర్చు పెట్టేసి వస్తావ్, మాకేం మిగల్చవు" అని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆ వేళాకోళం ఒక్కటి మళ్ళీ వింటే చాలు, భగవంతుడా, ఇంకేం అడగను, అనుకుంది, అనుకుంటూనే, అబద్ధం, అడుగుతాను, అదొచ్చాక ఇంకోటి అడుగుతాను, అనుకుంది.

విమానం లేచింది. అదిగో, దూది మేఘాలు. అప్పట్లో కంప్యూటర్లెక్కడివి, మోచెయ్యంత బొమ్మ విమానాన్ని దారం కట్టి లాగేవారు, కళ్ళు పెట్టుకు చూస్తే ఆ దారం కనిపిస్తుంది. ఆయన ముందు చూసింది ఆ దారాన్నే. సినిమాని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ తిప్పితిప్పి తెరమీద వేసేవారు, పెదాలు పట్టుబడేదాకా. ఒకే మైకు, ఇద్దరు మనుషులు, ఎడమవైపు ఆయన, కుడివైపు ఆవిడ. కళ్ళు తెరమీది పెదాలమీద, చేతిలో కాగితం, కాగితం తిప్పితే చప్పుడు కాకూడదు, కడుపులో పేగు అరిచినా మళ్ళీ మొదటికే. కొత్తగా వచ్చిన రోజుల్లో బిగుసుకుపోయి నిలబడితే, ముక్కకీ ముక్కకీ మధ్య చీకట్లో ఆయన నెమ్మదిగా, "ఏమోయ్, దారం చూశావా?" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వేసింది, ముక్క పాడైంది, సౌండాయన ఇద్దర్నీ చెడామడా తిట్టాడు. ఆ తిట్టే వాళ్ళ నిశ్చితార్థం అనుకోవాలి. నేలమీద విమానాశ్రయం టవర్లో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పైన చిక్కుకున్న ఎయిర్ హోస్టెస్‌కి విమానం దింపడం నేర్పే పెద్దాయన లేడూ, ఆయన గొంతు ఈయనది. కథ మొత్తంమీద లేచి నాలుగడుగులు వెయ్యడు, కుర్చీలోంచి కదలడు, అయినా హాల్లో జనం ఊపిరి బిగబట్టి వినేది ఆయన్నే. అందరూ టవరు, టవరు అని ఈయన్ని పిలవడం మొదలుపెట్టారు. కూరగాయల కొట్లో నోరు విప్పితే కొట్టువాడు తక్కెడ వదిలేసి, "సార్, మీరు విమానం దింపిన ఆయన కదూ" అనేవాడు, నాలుగు టమాటాలు ఎక్కువ వేసేవాడు.

అసలు పడిపోతుందని తెలిసీ ఎందుకు చూస్తారు ఇవన్నీ, డబ్బులిచ్చి మరీ గుండె దడ కొనుక్కోవడమేమిటి, అని పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఆయన అన్నం కలుపుతూ ఆలోచించాడు. "పడేది చూడ్డానిక్కాదోయ్" అన్నాడు. "పైలట్లు ఒరిగిపోయాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడ్డానికి. చేతకానివాళ్ళే కూర్చుంటారు, అదీ మజా. చేతనైనవాడు దింపితే సినిమా ఏముంది, అది బస్సు ప్రయాణం." అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడు! రెండో భాగం వచ్చింది, విమానం ఈసారి సముద్రంలో మునిగింది. మూడో భాగం వచ్చింది, మంచుకొండమీద ఇరుక్కుంది. ప్రతి భాగంలోనూ అదే ఎయిర్ హోస్టెస్ ఎక్కుతుంది. చావు తప్పి కన్ను లొట్టపోయినా బుద్ధి రాలేదా తల్లీ, రైలెక్కి పోవచ్చు కదా, అని ఇంట్లో ఎంత నవ్వుకునేవారో. రెండో భాగానికి ఆవిడకి నెలలు నిండుతున్నాయి, అరుపులు వద్దని డాక్టరు అంటే, "ముంచేసి వెళ్ళిపోతే ఎలాగండీ, పాపం అంతమంది" అని బతిమాలి మరీ అరిచి వచ్చింది, కూతురి గొంతు పెద్దదవడానికి అదే కారణమని అందరూ అనేవారు. విమానం మారేది, ప్రమాదం మారేది, ప్రయాణికులు మారేవారు. టవరాయన మాత్రం అదే కుర్చీలో, జుట్టు కాస్త నెరిసి, అవే హెడ్‌ఫోన్లతో ఉండేవాడు. ఏ భాగమైనా సరే, ఆయన తెరమీదికి రాగానే హాల్లో ఈలలు వేసేవారు. ఆ ఈల విమానానికి కాదు, హమ్మయ్య, ఉన్నాడు, వినేవాడొకడు కింద ఉన్నాడు, అన్న ధైర్యానికి. ఇలాంటి సినిమాలు చూసేది అందుకేనని ఆవిడకి మెల్లిగా తెలిసింది. మునిగిపోయేటప్పుడు పిలిస్తే పలికేవాడు ఉంటాడా ఉండడా అన్నదొక్కటే మనిషికి ఎప్పుడూ సందేహం, ఆ సందేహం ప్రతి భాగంలోనూ కొత్తగా తీరుతుంది.

ఇంట్లో నడుస్తున్న ఈ భాగంలో మాత్రం టవరే పడిపోయింది. స్నానానికి వెళ్ళిన మనిషి తలుపు తీసి, తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని, ఏదో చెప్పబోయాడు. నోరు ఒక పక్కకి వెళ్ళింది. ఆ చెప్పబోయింది ఏమిటో ఇప్పటికీ తెలీదు. ఆసుపత్రినుంచి వచ్చాక మిగిలింది ఒకటే మాట, "అదే". మంచినీళ్ళూ అదే, దుప్పటీ అదే, నొప్పీ అదే, పక్కింటాయన పలకరిస్తే నమస్కారమూ అదే. అంతా అర్థమవుతుంది, కోపమొస్తుంది, జోకు వేస్తే కళ్ళతో నవ్వుతాడు, చెప్పాలని చూస్తే మాత్రం అదే, అదే, అదే. మాటలు నేర్పే డాక్టరమ్మ బొమ్మల అట్టలు ముందు పరిచేది, గొడుగు, చెంచా, తాళంచెవి. ఒక గొంతుతో ఇల్లు నడిపిన మనిషి, ఆ గొడుగు బొమ్మని ఎడంచేత్తో పట్టుకుని, చెమటలు కక్కి, "అదే" అన్నాడు. ఆరోజు అరుపులమ్మ బయట వరండాలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. "బట్టీపట్టిన మాటలు ఒక్కోసారి ముందొస్తాయమ్మా" అంది డాక్టరమ్మ, "పాటలు, ఎక్కాలు, తిట్లు, ఏళ్ళ తరబడి నోట్లో ఆడినవి. దారి దొరికితే వాటి వెనకాలే మిగతావి రావచ్చు. రాకపోనూ వచ్చు." పాటలు ఆయనకి ఎప్పుడూ రావు, తిట్టే అలవాటు లేదు, ఎక్కాలు అడిగితే చిన్నపిల్లాణ్ణి చేస్తున్నానని మొహం తిప్పుకున్నాడు. అప్పుడు తోచింది, ఈ సినిమా. ఎయిర్ హోస్టెస్ మాట వినిపించి, టవరాయన మాట దగ్గరికి రాగానే టీవీ నోరు నొక్కేసి, ఆయన వైపు తిరగడం, ఇదీ ఉపాయం. చెప్పండి, ఇది మీ మాట, మీరే కదా అన్నది. రోజూ అదే ముక్క. రోజూ ఆయన పెదాలు కదిపి, మెడ నరాలు బిగించి, ఓడిపోయి, "అదే" అనడం. మొన్న కూతురు ఉండగానే రిమోటు లాక్కుని గోడకేసి కొట్టాడు. దాని మూత విరిగింది, బ్యాటరీలు సోఫా కిందికి దొర్లాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు. వద్దమ్మా, వద్దు, అంది కూతురు. నిజమేనేమో. ఇది ఆయన కోసం చేస్తున్నానా, నా కోసమా? ఆయనకి మాట కావాలా, నాకు ఆయన మాట కావాలా? నాకే కావాలి. ఔను, నాకే. సిగ్గెందుకు, ఈ ఇంట్లో పొద్దున్న లేస్తే నా మాట నాకే తిరిగొస్తోంది, ఎన్నాళ్ళు వినను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిది ఇంకా బలమైంది, అనుకుంది అరుపులమ్మ, రబ్బరు బ్యాండు చుట్టిన రిమోటు చేతిలో బిగించి.

మెరుపు తగిలింది. విమానం తలకిందులు కాబోయి నిలబడింది, పెద్ద పైలటు ఒరిగిపోయాడు, చిన్న పైలటు అతని మీద ఒరిగాడు, ట్రేలూ పళ్ళేలూ ఎగిరాయి, ఫిడేలు పెట్టె జారింది. అదిగో, అరుస్తున్నారు, అన్నీ నా అరుపులే, చూడండి, ఆ లావాటావిడది, ఆ మూలపిల్లది, ఎంత బాగా అరిచేదాన్నో. ఎయిర్ హోస్టెస్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది, టోపీ ఊడిపోయింది, పైలటు కుర్చీ వైపు చూస్తోంది. ఇంకాసేపట్లో రేడియో గరగరమంటుంది. ఆవిడ వేలు రిమోటు మీద ఉంది, చెమటకి జారింది, నొక్కుకుపోయింది. టీవీ మూగబోయింది. అయ్యో, ఇంకా కాదు, ఇంకా ఆ అమ్మాయి మాటే కాలేదు. మళ్ళీ నొక్కింది. రాలేదు. గోడకి తగిలినప్పుడు ఆ మీట కాస్తా లోపలికి పోయినట్టుంది. గోటితో లాగింది, అరచేతిలో కొట్టింది, ఊహూఁ. తెరమీద ఆ అమ్మాయి చప్పుడు లేకుండా భయపడుతోంది. సరే, పోనీ, నా మాటే కదా, నేనే అంటాను, నాకేం రాదా, అనుకుని నోరు తెరిచింది.

రాలేదు. ఏం రాలేదు. తెరమీద పెదాలు కదులుతున్నాయి, ఆ పెదాలకి ఆవిడే మాటలు పోసింది, ఎన్నిసార్లు పోసిందో, ఇన్నాళ్ళుగా రోజూ మధ్యాహ్నం వింటోంది కూడా, అయినా నాలుక మీదికి రావేం? నాలుక మీద ఉన్నది వేరే ఏదో. పైన ఎవరున్నారు, ఎవరున్నా సరే జవాబివ్వండి. ఇది ఆయనది! చేతులు నీవి, మాట నాది. ఇదీ ఆయనదే! ఆయన మాటలన్నీ వరసగా, ఊపిరి తీసుకున్న చోట ఊపిరితో సహా, బారులు తీరి నిలబడి ఉన్నాయి, తనదొక్కటీ లేదు. ఉండదే! ఎలా ఉంటుంది! అరుపులమ్మ రిమోటు ఒళ్ళో పడేసింది. మన మాట కాగితం మీద ఉంటుంది, చూసి చదివేస్తాం, సౌండాయన బాగుందనగానే కాగితం బుట్టలోకి, మాట గాల్లోకి. చెవి రిక్కించి వినేది ఎదుటివాళ్ళ మాటనే, అది అయిపోతేగానీ మనం నోరు విప్పకూడదు గనక, దాని తోక ఎక్కడుందో తెలియాలి గనక. ఈ పనిలో ఎవరి మాట వాళ్ళ దగ్గర మిగలదు, పక్కవాళ్ళ దగ్గర మిగులుతుంది. పెళ్ళికి వెళ్ళిన చోటల్లా టవరుగారూ ఒక్కసారి ఆ డైలాగు చెప్పండీ అని జనం వెంటపడితే, ఈయన బుర్ర గోక్కుని, ఏమోయ్ అందుకో అంటే, తనే కదా అందించేది! బుద్ధిలేని దాన్ని, ఇన్నాళ్ళూ లేని చోట వెతికించాను, లేని మూట విప్పమని మనిషిని రోజూ ఏడిపించాను. నా దగ్గర ఆయనవి ఉన్నాయంటే, ఆయన దగ్గర ఉన్నవి నావి.

లేచింది. మోకాలు కలుక్కుమంది. కుర్చీకి కుడిపక్క ఇన్నాళ్ళూ కూర్చున్న చోటు వదిలి, అడ్డంగా ఉన్న స్టూలు జరిపి, ఎడమవైపుకి వెళ్ళి నిలబడింది, మైకు ముందు ఆయన నిలబడే వైపుకి. ఆయన గోడమీదినుంచి చూపు తిప్పి, ఇదేమిటి అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. కడుపులోకి గాలి పీల్చుకుంది. ఆయన ఎక్కడినుంచి తెచ్చేవాడో ఆ గొంతు, ఆ అడుగు గొంతు, తొందరలేనిది, అక్కడినుంచే తెచ్చింది.

"పైన ఎవరున్నారు? ఎవరున్నా సరే, జవాబివ్వండి."

ఆయన తల సర్రున ఇటు తిరిగింది. పెదాలు కదిలాయి. "అ" అన్నాడు. "అదే" అనబోయాడు, అరుపులమ్మ కదల్లేదు, మైకు ముందు నిలబడ్డ మనిషి కదలకూడదు, కాగితం చప్పుడు కూడా కాకూడదు. మళ్ళీ అంది, అదే గొంతుతో, ఒక్క అక్షరం తేడా లేకుండా, ముక్కని మళ్ళీ మొదటినుంచి వేసినట్టు.

"పైన ఎవరున్నారు? ఎవరున్నా సరే, జవాబివ్వండి."

"నే..." అన్నాడు. ఆగాడు. ఎడంచెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది. "నే... నేనున్నానండీ."

అండీ! జన్మలో ఏమోయ్ తప్ప పిలిచి ఎరగని మనిషి! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ గొంతుదాకా వచ్చి తోసుకున్నాయి, రెండింటినీ మింగేసింది. నవ్వితే ముక్క పాడవుతుంది. ఇప్పుడు పాడుచేస్తే ఊరుకోడానికి సౌండాయన కూడా లేడు. తెరవైపు చూడలేదు, ఆయన పెదాలనే చూస్తోంది, ఒకపక్కకి జారిన ఆ పెదాలని, వాటికి ఏ మాట పట్టుబడుతుందా అని.

"నాకు..." అన్నాడాయన, చెమట చెవి పక్కనుంచి కారుతోంది, "నాకు... నడపడం... రాదు."

"రాకపోతే పర్లేదమ్మాయ్" అంది అరుపులమ్మ. ఆవిడ కన్నీళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, గొంతు మాత్రం టవరుది, వణకలేదు. "నాకొచ్చు. చేతులు నీవి, మాట నాది. నేను చెప్పినట్టు చెయ్యి, ఇద్దరం కలిసి దింపేద్దాం. సరేనా?"

"స... రే."

"ముందు ఊపిరి తీసుకో. తీసుకున్నావా? ఇప్పుడు ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పు."

మేఘాలు, అనాలి ఇక్కడ. మేఘాలే, ఇంకేం లేదు, అంటుంది ఆ అమ్మాయి, హాల్లో జనం గుండెలు ఇక్కడే గట్టిగా కొట్టుకుంటాయి. ఆ మాట ఇప్పుడు అరుపులమ్మకి గుర్తొచ్చింది, అది అందించబోయి, నాలుక కరుచుకుంది. ఆయన టీవీ వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి నిజంగా చూస్తున్నాడు, కళ్ళు చికిలించి, మెడ ముందుకి చాచి. అరుపులమ్మ ఆగింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. అటు నోటి మూల ఏదో కదిలింది. అది బాధ కాదు, ఆ కదలిక ఆవిడకి తెలుసు, చీకట్లో, ముక్కకీ ముక్కకీ మధ్య, ఎడమవైపునుంచి వచ్చేది.

"దా..." అన్నాడు. "దా... రం."

అరుపులమ్మ తిరిగి చూసింది. దూది మేఘాల మధ్య బొమ్మ విమానం ఒరుగుతూ పోతోంది, ఎండ తెరమీద పడుతోంది కాబోలు, నిజమే, ముక్కు దగ్గర సన్నగా, తళుక్కున, దారం కనిపిస్తోంది. ఈ మాట సినిమాలో ఎక్కడా లేదు. ఏ కాగితంలోనూ లేదు. ఫోను మోగుతోంది, కూతురే అయి ఉంటుంది, మోగనీ. ఆవిడ స్టూలు కాలితో దగ్గరికి లాక్కుంది, ఎడమపక్కనే కూర్చుంది, ఆయన చెమట కొంగుతో తుడిచింది.

"దారం సంగతి తర్వాత చూద్దాం" అంది టవరు గొంతుతోనే. "ఇంకా ఏం కనిపిస్తోందో చెప్పమ్మాయ్."